రొయ్యల చెరువు దగ్గరుండే నాన్నగారికి ఏ ఫోన్ కొనాలి? ఫోన్ నిజంగా మన మాటలు వింటుందా?

మీరు అడిగినవి మూడు. సఖినేటిపల్లి దగ్గర రొయ్యల చెరువు చూసుకునే నాన్నగారికి 15 వేలలో ఏ ఫోన్ కొనాలి, పాత ఐఫోన్ అయితే ఎలా ఉంటుంది? ఆయనా మీ బాబాయిగారూ చెరువు నీళ్లలో గాలి కలిపే ఎయిరేటర్ల గురించి మాట్లాడుకున్న మర్నాడే ఎయిరేటర్ల ప్రకటనలు కనిపించాయట, ఫోన్ వింటోందా? పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయవచ్చా? మీరు హైదరాబాద్‌లో ఉంటారు, నెలకోసారి వస్తారు కాబట్టి వచ్చినప్పుడే అన్నీ సెట్ చేసి వెళ్లాలన్నారు.

నాకు నర్సాపురంలో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. 19 ఏళ్లయింది. నోకియా 1100 కీప్యాడ్లు మార్చే రోజుల్లో మొదలుపెట్టాను. మీ వైపు నుంచి పంటు మీద, అంటే బల్లకట్టు మీద, గోదావరి దాటి వచ్చేవాళ్లే నా గిరాకీలో సగం. అందుకే మీ నాన్నగారిని చూడకపోయినా ఆయన ఫోన్ ఎలా ఉంటుందో ఊహించగలను. చార్జింగ్ జాక్‌లో ఉప్పు, స్పీకర్ జాలీలో మేత పొడి, వాట్సాప్‌తో నిండిపోయిన స్టోరేజీ.

ముందు వినడం సంగతి. నా దగ్గరికి వారానికి ఇద్దరైనా ఈ అనుమానంతో వస్తారు. 2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపిన యాప్ వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. దొరికింది ఇంకొకటి: కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద మనం చేసే పనిని వీడియోగా తీసి వేరే కంపెనీలకు పంపుతున్నాయి. పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి, అంటే 2021 నుంచి, ఏ యాప్ మైకు గానీ కెమెరా గానీ తెరిచినా స్క్రీన్ పైన కుడి మూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. ఎవరితోనూ మాట్లాడకుండా ఖాళీగా ఉన్నప్పుడు అది వెలిగితే అప్పుడు అనుమానించండి. వాయిస్ అసిస్టెంట్ల కథ వేరు. పొరపాటున మేల్కొని రికార్డు చేసిన ముక్కల్ని కంపెనీల తరఫున మనుషులు విన్నారని 2019లో బయటపడింది. నాన్నగారికి అది అవసరం లేదు, ఆఫ్ చేసేయండి.

మరి ఎయిరేటర్ ప్రకటన ఎక్కడి నుంచి వచ్చింది అంటారా? మీ బాబాయిగారు ఆ సాయంత్రం ఎయిరేటర్ ధర వెతికి ఉంటారు. ఇద్దరి ఫోన్లూ రోజూ ఒకే గట్టు మీద, ఒకే వైఫైలో ఉంటాయి. ఒకరి నంబరు ఇంకొకరి ఫోన్లో ఉంటుంది. నాన్నగారు రొయ్య కౌంటు రేట్లు చూసే యాప్ ఏదో వాడుతుంటారు. ఎండలు ముదిరేసరికి ఎయిరేటర్లు అమ్మేవాడు భీమవరం నుంచి అంతర్వేది దాకా చెరువులున్న ప్రతివాడికీ ఆ ప్రకటన వేస్తాడు. అది అంతకు ముందు రోజు కూడా వచ్చే ఉంటుంది, పైకి తోసేసి ఉంటారు. మాట్లాడుకున్నాక వచ్చింది కాబట్టి గుర్తుండిపోయింది. మనం నోరు విప్పకుండానే ఇంత పసిగట్టడం నాకైతే వినడం కన్నా ఎక్కువ కంగారు పుట్టిస్తుంది. కానీ దానికి మీ చేతిలో ఉన్న పని పది నిమిషాలదే. లొకేషన్ అనుమతి యాప్ వాడేటప్పుడు మాత్రమే ఉండేలా మార్చండి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఉండే అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి, టార్చి యాప్‌కీ క్యాలెండర్ యాప్‌కీ కాంటాక్టులు ఇచ్చి ఉంటే తీసేయండి. ఆ తర్వాత ఆ కంపెనీల గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఎందుకంటే నేను చూసినంతలో మన వైపు జనాన్ని ముంచినవాళ్లు ఎక్కడో అమెరికాలో లేరు. ఫోన్ పట్టుకుని చేతికి అందేంత దూరంలోనే ఉన్నారు. సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. మంచిదే. కానీ పంటు ఈ రేవు నుంచి ఆ రేవుకి చేరేలోపు మీ నాన్నగారి ఆధార్ కాపీ ఎన్ని చేతులు మారుతుందో ఆ చట్టానికి కనబడదు.

నా షాపుతోనే మొదలుపెడతాను. డిస్‌ప్లే పగిలిందని వస్తారు. లాక్ ప్యాటర్న్ కాగితం మీద గీసి ఇచ్చేసి బజారు పని చూసుకోవడానికి వెళ్లిపోతారు. ఆ కాగితం ఫోన్ వెనక అంటించి పెడతాం. సాయంత్రం దాకా ఆ ఫోన్లో ఫోటోలు, బ్యాంకు మెసేజ్‌లు, ఇంట్లో ఆడవాళ్ల వీడియో కాల్ స్క్రీన్‌షాట్లు, అన్నీ షాపులో కుర్రాళ్ల చేతిలో ఉన్నట్టే. పదేళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడొకడు ఒక పెళ్లికూతురి ఫోన్ గ్యాలరీ తిప్పుతూ నా కంటపడ్డాడు. ఆ పూటే పంపేశాను. కంటపడనివి ఎన్నో నాకెలా తెలుస్తుంది? కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్లు 2022లో 16 రిపేరు షాపులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి చూస్తే ఆరింటిలో పనివాళ్లు వాటిలోని వ్యక్తిగత ఫైళ్లు తెరిచి చూశారట. అక్కడా ఇదే, ఇక్కడా ఇదే. డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ బోర్డు మార్చడానికి మాకు మీ ప్యాటర్న్ అక్కర్లేదు. టచ్ పనిచేస్తోందా లేదా అన్నది మీరు వచ్చాక మీ ముందే చూపిస్తాం. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంటాయి. అది ఆన్ చేసి ఇస్తే లోపల ఏమీ కనబడదు, పని మాత్రం జరుగుతుంది. స్క్రీన్ పూర్తిగా పోతే ఆన్ చేయలేరనుకోండి. అప్పుడు షాపులో ఓ బల్ల చూసుకుని కూర్చోండి. కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి, మార్చడానికి గంట చాలు. కూర్చోనివ్వని షాపులో ఇవ్వకండి.

నా తర్వాత జిరాక్స్ షాపు. ఇప్పుడు జిరాక్స్ కూడా కాదు. "ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండి, ప్రింట్ తీస్తాను" అంటారు. ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఊరు ఊరంతా అందులోనే ఉంటుంది. ఆధార్లు, పట్టాదారు పాసు పుస్తకాలు, కువైట్ వెళ్లేవాళ్ల పాస్‌పోర్టులు, బ్యాంకు బుక్కు మొదటి పేజీలు. ఆ షాపువాడు మంచివాడే కావచ్చు. ఆ కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ ఉండదు, సాయంత్రం పూట దాని మీద పిల్లలు గేములు ఆడుతుంటారు. నాన్నగారికి మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి నాలుగు ప్రింట్లు తీసి కవర్లో పెట్టివ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి, చాలాచోట్ల సరిపోతుంది. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేసే సౌకర్యం ఉంది, అదీ వేసేయండి. అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. అలాగే సంచార్ సాథీ సైట్‌లో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. రోడ్డు పక్కన గొడుగు కింద ఉచితంగా సిమ్ తీసుకున్న అలవాటుంటే తప్పకుండా చూడండి. ఆయనవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మన చుట్టాలు. నవ్వకండి, అసలు ప్రమాదం అక్కడి నుంచే వస్తోంది. మొన్న పెళ్లిళ్ల సీజన్లో పాలకొల్లు వైపు కొబ్బరి వ్యాపారి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. తోడల్లుడి నంబరు నుంచి వాట్సాప్‌లో శుభలేఖ వచ్చిందట. నొక్కితే ఏదో ఇన్‌స్టాల్ అయింది, శుభలేఖ మాత్రం తెరుచుకోలేదు. చూస్తే ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే అది ఫోటో కాదు, ఆండ్రాయిడ్ యాప్. తోడల్లుడు కూడా అలాగే ఎవరో పంపింది నొక్కాడు, ఆయన వాట్సాప్ నుంచి అది తనంతట తానే అందరికీ వెళ్లిపోయింది. ఇలాంటివే పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో తిరుగుతుంటాయి. అది లోపలికి దిగాక ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, మనం సరే అంటాం. ఇక ఓటీపీ వచ్చినట్టు మనకు తెలిసేలోపే అవతలివాడికి తెలిసిపోతుంది.

ఆ వ్యాపారి ఫోన్ తీసుకుని ముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకుని, సిమ్ బయటికి తీశాను. నా ఫోన్ నుంచి 1930కి చేయించాను, తర్వాత బ్యాంకుకి. అప్పటికి ఒక విడత 9 వేలు పోయాయి, మిగతాది ఆగింది. ఈ 1930 అనేది సైబర్ మోసాలకు దేశమంతటికీ ఒకటే నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారిపోయేలోపు చెప్తే మధ్యలో ఆపే వీలుంటుంది. ఆ తర్వాత చెప్తే కేసు మాత్రం మిగులుతుంది. నాన్నగారి చేత ఆ నంబరు సేవ్ చేయించండి. పనిలో పనిగా గోడ మీద కూడా రాయండి, ఎందుకంటే అవసరమైన రోజున ఫోన్ ముట్టుకోకూడని స్థితిలో ఉంటుంది.

ఏపీకేల విషయంలో ఐఫోన్‌కి మార్కులు వేయాలి. అందులో ఇలా వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కితే యాప్ దిగదు. మీరు పాత ఐఫోన్ కొంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు కదా, అందుకే చెప్తున్నాను. అయినా కొనకండి. ఆ డబ్బుకి దొరికేది నాలుగైదేళ్ల పాతది, బ్యాటరీ మధ్యాహ్నానికి అయిపోతుంది, చెరువు దగ్గర చార్జింగ్ ఎక్కడ పెడతారు? అమెరికా నుంచి చుట్టాలు తెస్తామంటే మరీ జాగ్రత్త. అక్కడ అమ్మే ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో సిమ్ పెట్టుకునే చోటే ఉండదు, అంతా ఈ-సిమ్. ఓ పెద్దాయన సిమ్ చేతిలో పట్టుకుని ఫోన్ నాలుగు పక్కలా తిప్పి చూస్తుంటే నాకే జాలేసింది.

ఈ గొడవలన్నింటికీ నేను మా నాన్నగారికి చేసిన ఏర్పాటు ఒకటుంది. మీకూ అదే చెప్తాను. రొయ్యల పట్టుబడి అయ్యాక లక్షల్లో డబ్బు పడే ఖాతా, ఫోన్‌పేకి తగిలించి ఉన్న ఖాతా ఒకటే కాకూడదు. మనవాళ్లు అన్నీ ఒకే ఖాతాలో, ఒకే నంబరు మీద పెడతారు. టీకి పది రూపాయలు స్కాన్ చేసేదీ అందులోంచే, మేత కంపెనీకి రెండు లక్షలు కట్టేదీ అందులోంచే. చెరువుకి వెళ్తూ ఎవరైనా బీరువా నెత్తిన పెట్టుకుని వెళ్తారా? పెద్ద ఖాతాకి వేరే నంబరు ఇవ్వండి, ఆ సిమ్‌ని 1500 రూపాయల కీప్యాడ్ ఫోన్లో వేసి ఇంట్లో ఉంచండి. ఆ ఖాతాకి యూపీఐ పెట్టొద్దు. దాని ఓటీపీలు స్మార్ట్‌ఫోన్లోకి రావు కాబట్టి ఏ శుభలేఖా వాటిని చదవలేదు. చిన్న ఖాతాలో పదివేలో ఇరవై వేలో ఉంచి దాన్ని స్మార్ట్‌ఫోన్‌కి తగిలించండి. పోయినా అంతే పోతుంది. బ్యాంకుకి వెళ్లి నంబరు మార్పించడానికి ఓ పూట పడుతుంది. లైనులో నిలబడటం నాన్నగారికి విసుగైతే మీరే వెంట వెళ్లండి. కొంచెం నోట్లు కూడా ఇంట్లో ఉండనివ్వండి. 2022 మేలో కోనసీమలో నెట్ ఆపేసినప్పుడు జేబులో నోటు లేనివాళ్ల అవస్థ మీ ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.

ఫోన్ కొనడం దగ్గరికి వద్దాం. మోడల్ పేరు చెప్పమన్నారు. నేను చెప్పేది మూడు నెలల్లో పాతబడిపోతుంది, పైగా కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అన్నది ఈ ఇంటికి పనికిమాలిన లెక్క. చెరువు దగ్గర ఏ కంపెనీ సిగ్నల్ వస్తోందో ముందు తెలుసుకోండి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు వేస్తే ఇంకా మంచిది. మధ్యాహ్నం పన్నెండింటికి షాపు బయట ఎండలో నిలబడి స్క్రీన్ కనబడుతోందో లేదో చూడండి, లోపల ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగానే కనబడతాయి. రింగు గట్టిగా ఉండాలి. బ్యాటరీ 5000 ఎంఏహెచ్‌కి తగ్గకూడదు. 2022 జూలై వరదలప్పుడు లంకల్లో కరెంటు లేని రోజులు గుర్తుంటే ఓ పవర్ బ్యాంకు కూడా కొంటారు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. ఇది అందరూ వదిలేసే ప్రశ్న. ప్రైవసీ అంటూ మీరు పడే టెన్షన్‌లో సగానికి జవాబు ఇక్కడే ఉంది. సామ్‌సంగ్ ఎ16 ఫైవ్‌జీ లాంటి దానికి ఆరేళ్లు ఇస్తామన్నారు. అదే ధరలో రెండేళ్లకే చేతులు దులుపుకునేవీ ఉన్నాయి. నాన్నగారు ఫోన్ పగిలేదాకా వాడే మనిషైతే ఆ తేడాకి ఇంకో రెండు మూడు వేలు పెట్టినా దండగ కాదు.

కొనేముందు ఇంకో ముక్క అడగండి: దీని కాంబో ఎంత? అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి మార్చడానికి అయ్యే ఖర్చు. ఫోన్ ధరలో మూడో వంతు దాటితే అది చెరువు గట్టుకి పనికొచ్చే ఫోన్ కాదని నా లెక్క. సర్వీస్ సెంటర్ భీమవరంలోనో అమలాపురంలోనో ఉందో లేదో చూడండి.

ఐపీ68 అని రాసి ఉంటే నీళ్లలో పడినా ఏం కాదని సేల్స్‌మాన్ చెప్తాడు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద. మన చెరువుల్లో ఉప్పు నీరు. నర్సాపురం దగ్గర వేసవిలో గోదావరి నీళ్లే నోట్లో పోసుకోలేం. ఉప్పు నీరు తగిలి కరెంటు పారితే బోర్డు మీద పచ్చగా చిలుము పడుతుంది, గంటల్లో. వారంటీ కూడా నీళ్ల నష్టానికి రాదు. పడితే వెంటనే ఆఫ్ చేయాలి, పనిచేస్తోందా అని చార్జింగ్ పెట్టి చూడకూడదు, అదే రోజు షాపుకి తేవాలి. బియ్యం డబ్బాలో పెట్టి మూడో రోజు తెచ్చేవాళ్లు నాకు బాగా తెలుసు. వరి పండించే జిల్లా కదా, డబ్బా ఎప్పుడూ దగ్గరే ఉంటుంది. బియ్యం ఉప్పుని లాగదు. మూడు రోజులు చిలుముకి టైమిచ్చినట్టు, అంతే. పైగా జాక్‌లోంచి గింజలు తీయడం నాకు అదనపు పని.

పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి, ఫర్వాలేదు. ఆండ్రాయిడ్ 10తో గానీ, ఆ తర్వాతి వాటితో గానీ వచ్చిన ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు, ఉంటుంది. గూగుల్ ఖాతా తీసేసి సెట్టింగ్స్‌లోంచి ఫ్యాక్టరీ రీసెట్ కొడితే దాని తాళంచెవి పోయినట్టే, ఫోటోలు తిరిగి తీయడం మా వల్ల కాదు. మెమరీ కార్డు మాత్రం బయటికి తీయండి, రీసెట్ దాన్ని ముట్టుకోకపోవచ్చు. ఎక్స్ఛేంజ్‌లో ఐదొందలు తక్కువ ఇస్తున్నాడని వీధిలో పాత సెల్లులకు ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చేవాడికి మాత్రం వేయకండి. 2024లో తెలంగాణలో రామగుండం పోలీసులు ఇలా పోగేసిన దాదాపు నాలుగు వేల పాత ఫోన్లు పట్టుకున్నారు, సైబర్ ముఠాలకు చేరవేస్తున్నారని చెప్పారు. పాడైపోయిన ఫోన్ కదా అని మనం అనుకుంటాం. బోర్డు బతికే ఉంటుంది, ఫోన్‌ని గుర్తుపట్టే మీ ఐఎంఈఐ నంబరూ బతికే ఉంటుంది.

ఒకటి మీరు అడగలేదు. కానీ నాన్నగారి చెరువు దగ్గర ఎయిరేటర్ల మోటార్లకి సిమ్ వేసిన మొబైల్ స్టార్టర్ ఉండే ఉంటుంది, కరెంటు పోతే ఫోన్‌కి కాల్ చేసేది. రాత్రి పూట నాచు ప్రాణవాయువు తయారుచేయదు, ఉన్నదాన్ని రొయ్యలూ నాచూ కలిసి వాడేసుకుంటాయి. తెల్లవారుజాముకి నీళ్లలో డీఓ, అంటే కరిగి ఉన్న ప్రాణవాయువు, అట్టడుగుకి వస్తుంది. ఆ టైములో ఎయిరేటర్లు ఆగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నా దగ్గరికి వచ్చిన ఓ రైతుకి కొడుకు కొత్త ఫోన్ కొనిచ్చి, నాన్న హాయిగా పడుకోవాలని రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా స్లీప్ మోడ్ పెట్టి వెళ్లాడు. స్టార్టర్ ఏడుసార్లు కాల్ చేసింది. ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. ఫోన్ పాడైందని నా దగ్గరికి తెచ్చాడు. అందులో ఏ లోపమూ లేదని ఆయనకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి ఆ స్టార్టర్ సిమ్ నంబరుని కాంటాక్టుల్లో సేవ్ చేసి స్టార్ పెట్టండి, డూ నాట్ డిస్టర్బ్‌లో స్టార్ ఉన్నవాళ్ల కాల్స్‌కి మినహాయింపు ఇవ్వండి. స్పామ్ కాల్స్ ఆపే యాప్ ఉంటే దాన్ని కూడా చూసుకోండి, తెలియని నంబరని దీన్నే ఆపేస్తుంది. స్టార్టర్‌కి యాప్ ఉంటే దానికి బ్యాటరీ సేవింగ్ తీసేయండి. కీప్యాడ్ ఫోన్ ఎలాగూ కొంటున్నారు కదా, స్టార్టర్లో రెండో నంబరు పెట్టుకునే వీలుంటే అది కూడా ఇవ్వండి. అదంతా అయ్యాక, మీరు తిరిగి హైదరాబాద్ బస్సు ఎక్కేలోపు ఒక రాత్రి, నాన్నగారు నిద్రపోయాక చెరువు దగ్గరికి వెళ్లి ఒక్క నిమిషం మెయిన్ ఆపండి. ఇంట్లో ఫోన్ మోగి ఆయన లేచి మీకు కాల్ చేశారో లేదో చూసి, మళ్లీ మెయిన్ వేసి, ఎయిరేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో లెక్కపెట్టుకుని రండి.